ఇంకో రెండు, చివరిది వద్దు

మా అమ్మాయి మాట్లాడే ఇంగ్లీషు నాకు అర్థం కావడం లేదన్న సంగతి, నేలకు ముప్ఫై అడుగుల ఎత్తున కూర్చుని ఉండగా మొదటిసారి తెలిసింది.

కొలరాడోలో, డెన్వర్ నగరానికి పడమటి దిక్కున, రాకీ పర్వతాల మీద ఉన్న ఒక స్కీ కొండ అది. ఇనుప తాడుకు వేలాడే ఛెయిర్ లిఫ్టు బల్ల మీద నలుగురం పైకి వెళుతున్నాం. నేను, మా అమ్మాయి, దాని ఈడు స్నేహితురాళ్ళు ఇద్దరు. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి కొండను పరకాయించి చూసి, “నిన్న మధ్యాహ్నమంతా మాష్డ్ పొటేటోస్. పొద్దున కార్డురాయ్ బాగానే ఉంది గాని, పైన మటుకు డస్ట్ ఆన్ క్రస్ట్. కుడి అంచున డెత్ కుకీస్ కూడా ఉన్నాయి” అన్నది. మా అమ్మాయి గంభీరంగా తల ఊపి, “అయితే ఎడమ పక్కనుంచి దిగుదాం” అన్నది.

మెదిపిన బంగాళాదుంపలు, చారల గుడ్డ, పెచ్చు మీద దుమ్ము, మృత్యు బిస్కెట్లు. విడివిడిగా ఒక్కొక్క మాటా నాకు తెలుసు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ భాషతోనే పొట్టపోసుకుంటున్నాను. అయినా ఆ పిల్లలు ఏ వంటింటి గురించి చెప్పుకుంటున్నారో, ఆ వంటింటికీ ఎడమ పక్కకీ సంబంధం ఏమిటో బోధపడలేదు. లిఫ్టు దిగగానే వాళ్ళు ముగ్గురూ ఎడమ పక్కకు జారిపోయారు. నేను నాకు తెలిసిన దారిన, అంటే కుడి అంచున బయలుదేరాను. ఆ బిస్కెట్లేమిటో నా మోకాళ్ళు నాకంటే ముందు తెలుసుకున్నాయి. రాత్రిపూట మంచును చదును చేసే యంత్రాలు అంచులకు విసిరేసిన గడ్డలు తెల్లవారేసరికి రాళ్ళలా బిగుసుకుంటాయి. పిడికెడంత ఉంటాయి. పైన కాస్త కొత్త మంచు పడితే కంటికి ఆనవు. స్కీ అంచు ఒకదానికి తగిలిందంటే మనిషి బొక్కబోర్లా పడవలసిందే.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ, పదకొండు వేల అడుగుల ఎత్తున కొండను తొలిచి 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర ఎప్పటిలాగే కార్లన్నీ నిలిచిపోతే, మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. కార్డురాయ్ అంటే, యంత్రం దువ్విన తరువాత మంచు మీద మిగిలే సన్నని గాళ్ళు. తెల్లవారుజామున ఎవరూ తొక్కకముందు వాటి మీద జారితే చేతికి సానపట్టిన కత్తి అందినట్టు ఉంటుందట. మాష్డ్ పొటేటోస్ అంటే, మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి, బరువెక్కి, కాళ్ళను పట్టేసే మంచు. డస్ట్ ఆన్ క్రస్ట్ అంటే, గట్టిపడిన పెచ్చు మీద పల్చగా పడిన కొత్త మంచు. కంటికి మెత్తన, కాలికి గాజు. వసంతంలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టి గింజలు గింజలుగా అయ్యేది కార్న్. కాలిఫోర్నియా సియెర్రా కొండల మీద పడే తడి మంచును సియెర్రా సిమెంట్ అంటారు. మా రాష్ట్రంలోనే స్టీంబోట్ స్ప్రింగ్స్‌లో పడే పొడిపొడి మంచును షాంపేన్ పౌడర్ అంటారు. ఆ మాటను అక్కడి స్కీ కంపెనీ ట్రేడ్‌మార్కు కూడా చేయించుకున్నది. మంచు మీద హక్కు దేవుడిదైనా, మాట మీద హక్కు కంపెనీది.

వింటూ వింటూ నేను మా ఊరికి వెళ్ళిపోయాను. మనకు మంచుకు వాడుకలో ఉన్నది ఒక్క మాటే. మార్గశిరంలో గడ్డిపరక మీద నిలిచేదీ మంచే, పొద్దున్నే పొలాన్ని కమ్మేదీ మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. హిమం, తుహినం, తుషారం, నీహారం కావ్యాల్లో ఉన్నాయి గాని, వాటిమీద కాలు పెట్టి నడిచిన కవులు తక్కువ. అదే నేల విషయానికి వస్తే మా నాన్న నోట ఎన్ని మాటలు! రేగడి, చవుడు, ఊబి, బెట్ట, పదును. వాన వెలిసిన రెండో రోజున పొలంలోకి దిగి, గుప్పెడు మట్టి తీసి పిసికి చూసి, “ఇంకా పదునుకు రాలేదురా” అనేవాడు. అరక కట్టాలా వద్దా అన్నది ఆ ఒక్క మాటమీద ఆధారపడేది. లిఫ్టు మీద కూర్చుని కొండను చూసి ‘డస్ట్ ఆన్ క్రస్ట్’ అన్న పద్నాలుగేళ్ళ పిల్ల చేసింది అదే పని. నేను పిల్లల వెర్రిమాటలనుకున్నవి, నిజానికి కాళ్ళకు తెలిసిన చదువు.

అప్పటినుంచి ఆ మాటల్ని పోగుచేయడం మొదలుపెట్టాను. మొదట సరదాకు. తరువాత, నిజం చెప్పాలంటే, భయంతో. ఈడొచ్చిన పిల్ల మనతో మాట్లాడడం ఎలాగూ తగ్గిస్తుంది. మాట్లాడే ఆ నాలుగు మాటలూ మనకు తెలియని భాషలో ఉంటే ఇక మిగిలేదేమిటి? పడినప్పుడు స్కీలు ఒకచోట, కర్రలు ఒకచోట, కళ్ళద్దాలు ఒకచోట చెల్లాచెదురైతే దాన్ని యార్డ్ సేల్ అంటారు. అమెరికాలో వాకిట్లో పాతసామాను పరచి అమ్మే పద్ధతి నుంచి వచ్చిన మాట అది. హెల్మెట్టుకు బ్రెయిన్ బకెట్ అని పేరు. హెల్మెట్టుకూ కళ్ళద్దాలకూ మధ్య నుదురు కనబడితే దాన్ని గేపర్ గ్యాప్ అంటారు. కొండకు కొత్త అయినవాడి ఆనవాలు అది. నా నుదుట సరిగ్గా విభూతి పెట్టుకునేంత జాగా ఖాళీగా ఉండేది. నన్ను చూసి ఆ పిల్లలు మూడు వారాలు ఎందుకు నవ్వుకున్నారో నాలుగో వారం తెలిసింది.

మంచు కరిగాక ఆ పిల్లలే కొండ సైకిళ్ళు ఎక్కుతారు. కొండ మారదు, భాష కొంత మారుతుంది. ముందు చక్రం ఆగిపోయి మనిషి హ్యాండిల్ మీదుగా పల్టీకొడితే అది ఎండో. ఒంట్లో చక్కెర అయిపోయి ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడిపోతే అది బాంక్. పీటముడి పడినట్టున్న వేళ్ళూ రాళ్ళూ ఉన్న దారి నార్లీ. వంకర్లు తిరిగిన చెట్టు వేరును చెప్పే పాత మాటను 1970ల నాటి సముద్రపు అలల ఆటగాళ్ళు తీసుకుంటే, అక్కడినుంచి అది కొండలెక్కింది. ఉత్సాహంగా ఉన్నానని చెప్పడానికి స్టోక్డ్ అంటారు. పొయ్యిలో మంట ఎగదోయడమని దానర్థం, డచ్చి భాషనుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మనమూ ఉత్సాహం రగిలిందనే అంటాం గదా!

వీటన్నిటిలోనూ నాకు నచ్చిన మాట రీప్యాక్. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మెరీన్ కౌంటీ ఉన్నది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు కొందరు 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళను బాగుచేసుకుని, ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక కొండదారిన కిందికి వదిలేవారు. రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే. కిందికి చేరేసరికి ఆ బ్రేకు ఎంత వేడెక్కేదంటే, ఇరుసులో ఉన్న గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ ఎక్కాలంటే దాన్ని విప్పి, కొత్త గ్రీజు కూరవలసిందే. కూరడం రీప్యాక్. దాంతో ఆ దారికి అదే పేరైంది. 1976 అక్టోబరులో అక్కడ మొదటి పందెం జరిగింది. ఈనాడు లోకమంతా తొక్కుతున్న కొండ సైకిలు ఆ పొగలోంచి పుట్టిందే. దారి ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి వాళ్ళు భయంకరమనే మాటేదీ వాడలేదు. గ్రీజు మార్చుకోవాలి అన్నారు, అంతే.

ఈ భాష గుట్టు ఇదేనని నాకు తట్టింది మాత్రం ఈ కొండలలో కాదు, మా అమ్మ వల్ల. ఒక ఆదివారం మా అమ్మాయి ఫోనులో నాయనమ్మతో తనకొచ్చిన తెలుగులో మాట్లాడుతూ, “నిన్న కొండ మీద స్నేక్ బైట్ అయింది నాయనమ్మా, రెండు మైళ్ళు నడిచొచ్చాను” అన్నది. సైకిలు టైరులో గాలి తక్కువగా ఉండి రాయికి గట్టిగా తగిలితే, లోపలి ట్యూబు రాయికీ చక్రానికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు కన్నాలు పడతాయి. పాము కోరల గాట్లలా ఉంటాయి గనుక ఆ పేరు. మా అమ్మకు ఈ సంగతి ఏం తెలుసు? అవతలినుంచి ఒక్క కేక. “అయ్యయ్యో, పురుగు ముట్టిందా! ఎక్కడ? ఆస్పత్రికి తీసుకెళ్ళారా?”

సర్దిచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ తరువాత మా అమ్మాయి అడిగింది: “నేను స్నేక్ అన్నాను గదా, నాయనమ్మ పురుగు అంటుందేమిటి?”

నేను చెప్పాను. మా ఊళ్ళో పామును, అందులోనూ చీకటి పడ్డాక, పేరెత్తి పిలవరు. పిలిస్తే వస్తుందని భయం. కరిచిందని కూడా అనరు, ముట్టిందంటారు. రాత్రివేళ చేనికి నీళ్ళు పెట్టడానికి బయలుదేరేవాడితో, “పురుగూ పుట్రా ఉంటాయి, లైటు పట్టుకెళ్ళు” అంటారు. అంతటితో ఆగలేదు నేను. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. ఇంట్లో బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. గడప దాటుతూ వెళుతున్నానని ఎవరూ అనరు, వెళ్ళొస్తానంటారు. నేను మొదటిసారి అమెరికా విమానం ఎక్కేరోజున తొందరలో “వెళ్తానమ్మా” అంటే, మా అమ్మ నన్ను వెనక్కు పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, “వెళ్ళొస్తానను” అని అనిపించుకున్నాకగాని కదలనివ్వలేదు.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, “అయితే నాయనమ్మది కూడా స్లాంగే” అన్నది. నేను నవ్వాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు.

మా పక్కింటి పెద్దమనిషి ఉద్యోగం మానేసినవాడు. ఏటా ఆగస్టులో దక్షిణ డకోటాలోని స్టర్జిస్‌లో జరిగే మోటారు సైకిళ్ళ జాతరకు వెళుతుంటాడు. 1938లో మొదలైన జాతర అది. ఆయన భాష వేరు. కారును కేజ్ అంటాడు, అంటే బోను. మన బండి పక్కకు ఒరిగి, మనతోపాటు నేలమీద జారిపోతే లోసైడ్. జారుతున్న చక్రం ఉన్నట్టుండి పట్టు దొరికించుకుని, మనిషిని అవతలి వైపుకు గాలిలోకి విసిరేస్తే హైసైడ్. “రెండింట్లో మొదటిదే కోరుకో” అంటాడు నవ్వుతూ. నేనేదో బండి కొనబోతున్నట్టు! తోలు గీరుకుపోతే రోడ్ రాష్. మోటారు సైకిలుకే డోనర్‌సైకిల్ అని మరో పేరుందట, అవయవాలు దానం చేసేవాళ్ళను తయారుచేసే బండి అని. ఎదురుగా మరో బండి వస్తే ఎడమచేయి కిందికి వాల్చి రెండు వేళ్ళు చూపిస్తారు. రెండు చక్రాలూ నేలమీదే ఉండుగాక అని దాని తాత్పర్యమని ఆయన చెబుతాడు. విడిపోయేటప్పుడు నోటితో చెప్పే మాట కూడా అదే: “కీప్ ద రబ్బర్ సైడ్ డౌన్.” రబ్బరున్న వైపు కిందికే ఉంచు. క్షేమంగా వెళ్ళు, చావకు అని ఏ మగవాడూ మరో మగవాడితో వీధిలో నిలబడి అనలేడు. రబ్బరు మాటెత్తి ఆ పని కానిస్తారు. మా అమ్మ వెళ్ళొస్తానను అన్నదీ ఇందుకే గదా!

ఇక్కడితో ఆపితే ఇది మంచి వ్యాసమే అయ్యేది. అన్ని నేలల మీదా మనుషులు ఒక్కటేనని, ప్రమాదం పక్కన బతికేవాళ్ళు దాన్ని పక్కచూపుతోనే పలకరిస్తారని రాసి ముగించేవాణ్ణి. నిజానికి అలాగే సగం రాసి పెట్టుకున్నాను కూడా.

మా అమ్మాయికి పదహారో ఏడు. ఫిబ్రవరిలో ఒక శనివారం. మధ్యాహ్నం మూడింటికి, కొండమీద నీడ పడి మంచు గట్టిపడే వేళ, అది పడింది. నేను అప్పుడు కింద కాఫీ తాగుతున్నాను. స్నేహితురాలు తీసిన వీడియో నాకు అందేసరికి దానికింద ‘యార్డ్ సేల్ ఆఫ్ ద ఇయర్’ అని ఉంది. స్కీలు రెండూ రెండు దిక్కులకు పోయాయి, కర్రలు గాలిలోకి లేచాయి, పిల్ల మూడు పల్టీలు కొట్టి ఆగింది. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. కేరింతలు. నేను కూడా నవ్వాను. ఆ మాట నాకు తెలుసు గదా, తెలిసిన గర్వంతో నవ్వాను.

కారెక్కాక అడిగాను, దెబ్బేమైనా తగిలిందా అని. “ఏం లేదు నాన్నా. గాట్ మై బెల్ రంగ్, అంతే” అన్నది. గంట మోగింది. నాకు గుడిగంట మెదిలింది. భలే మాట అనుకుని, మనసులో నా పోగుకు దాన్నీ చేర్చుకున్నాను. సొరంగం దాటేలోపు అది నిద్రపోయింది. అలిసిపోయిందనుకున్నాను. దారిలో మెలకువ వచ్చి నీళ్ళసీసా ఎక్కడుందని అడిగింది, ఇచ్చాను. పది నిమిషాలకు మళ్ళీ అడిగింది. ఇంటికి వచ్చాక వంటింటి దీపం తీసేయమన్నది. అన్నం వద్దన్నది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొండకు పోదామని బూట్లు సర్దుకుంటోంది. నేను కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆపింది నా భార్య. “దాని కళ్ళు చూడండి. నిన్నటినుంచి అడిగిందే అడుగుతోంది. నేను పంపను” అన్నది. ఆమెకు ఆ స్లాంగు ఒక్క ముక్క తెలియదు. తెలియదు గనుక పిల్లను చూసింది. నేను మాటను చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ పరీక్షించి కంకషన్ అన్నది. తలకు తగిలిన అదురుకు మెదడు లోపల కుదుపుకు లోనుకావడం. హెల్మెట్టు పుర్రె పగలకుండా కాపాడుతుంది గాని, లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు. ఆ స్థితిలో, మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఎలా తగిలిందని ఆమె అడిగితే, మా అమ్మాయి మళ్ళీ ఆ గంట మాటే చెప్పింది. డాక్టరమ్మ చిరునవ్వయినా నవ్వకుండా, “ఆ మాట ఇక వాడకు. నీ మెదడుకు గాయమైంది. అలాగే చెప్పు” అన్నది.

తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ, తల్లిదండ్రులకోసం, కోచ్‌లకోసం వేసిన కరపత్రాల్లో ఆ గంట మాటనే పేరుపెట్టి ఎత్తి చూపింది, అది చిన్న దెబ్బ అనిపించినా తీవ్రమైనది కావచ్చునని. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. బడి ఆటల్లో కంకషన్ అన్న అనుమానం వస్తే పిల్లను వెంటనే ఆటలోంచి తప్పించాలి, వైద్యుల కాగితం లేనిదే తిరిగి దించకూడదు. 2014కల్లా అన్ని రాష్ట్రాలలోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. కానీ మా అమ్మాయి ఆ రోజున ఏ బడి జట్టులోనూ ఆడలేదు. అక్కడ దాన్ని గమనించే కోచ్ ఎవరూ లేరు. నేనే ఉన్నాను.

ఆ ఆరువారాలూ ఇంట్లో దీపాలు తగ్గించి, గొంతులు తగ్గించి బతికాం. మొదట బడి లేదు, తరువాత సగం పూట, ఆ తరువాత మొత్తం. రెండోవారంలో ఒక రాత్రి అది లెక్కల పుస్తకం ముందు కూర్చుని, ఒక లెక్కను నాలుగోసారి మొదలుపెట్టి, ఏడ్చింది. ఆ రాత్రి నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు.

మా నాన్న 2009 వేసవిలో పోయాడు. అంతకుముందు నెలరోజులుగా నేను ఎప్పుడు ఫోను చేసినా, “ఏం లేదురా, కాస్త నలతగా ఉంది” అనేవాడు. నలత. ఎంత మెత్తని మాట! ఎండవల్ల కాబోలునని అనుకునేవాణ్ణి. ఆ మాట కింద గుండెనొప్పి ఉన్నదని, మెట్లెక్కలేక వరండాలోనే పడుకుంటున్నాడని తెలిసేసరికి నేను విమానంలో ఉన్నాను. పొలంలో మట్టిని పిసికి చూసి పదును వచ్చిందో లేదో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలిగిన మనిషి, తన ఒంటి సంగతి వచ్చేసరికి కొడుకును కంగారుపెట్టకూడదని ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకున్నాడు. మా అమ్మాయి చేసిందీ అదే. ఎవరి పోలిక అంటే ఏం చెప్పను?

అప్పుడు నా పాత వ్యాసం తీసి చూసుకుంటే అందులో ఒక తప్పు కనబడింది. పక్కచూపు చూసే మాటలన్నీ ఒక్క జాతివి కావు. కొన్ని, పేరు ఎత్తకపోయినా, ఎదుటివాడికి దారి చూపిస్తాయి. పురుగూ పుట్రా అన్న మాట విన్నవాడు లైటు పట్టుకెళతాడు. డెత్ కుకీస్ అన్న మాట విన్నవాడు ఎడమ పక్కనుంచి దిగుతాడు. కొండమీద తిరిగేవాళ్ళ దగ్గర వుంఫ్ అని ఒక మాటుంది. మనిషి బరువుకు మంచు లోపలి పొర ఒకటి కుంగిపోయినప్పుడు వచ్చే చప్పుడు అది. మంచు శాస్త్రజ్ఞులు కూడా ఆ మాటనే వాడతారు. ఆ చప్పుడు వినబడితే, పైనున్న మంచంతా విరిగి దొర్లిపడవచ్చునని అర్థం. అక్కడినుంచి తప్పుకోవాలి. ఇవి కబురు మోసే మాటలు.

మరికొన్ని నోరు మూయించే మాటలు. గంట మోగింది, నలతగా ఉంది. వీటి తరువాత ఇక ప్రశ్న పుట్టదు. సెండ్ ఇట్ అన్నది కూడా అలాంటిదే. అంచున నిలబడి వెనకాడుతున్నవాణ్ణి, కానీ, దూకేయ్ అని అరవడం. మంచి రోజున అది ధైర్యం. అన్ని రోజులూ మంచివి కావు. 2012 ఫిబ్రవరి 19న, వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ వెనక టన్నెల్ క్రీక్ అనే చోట, మంచు మీద ఆరితేరినవాళ్ళు పదహారుమంది కలిసి బయలుదేరారు. మంచు చరియ విరిగి ముగ్గురు చనిపోయారు. మనసులో శంక పుట్టినా పైకి అనలేకపోయామని, మిగిలినవాళ్ళలో కొందరు తరువాత చెప్పుకున్నారు. అంత భాష తెలిసినవాళ్ళకు, ‘నాకు భయంగా ఉంది’ అన్న రెండు ముక్కలు ఆ వేళ నోట రాలేదు.

మా అమ్మాయికి నయమైంది. మరుసటి ఏడు డిసెంబరులో మళ్ళీ కొండకు పోతానన్నది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. రేగడిలో అరక దున్నేవాడికి పురుగుల భయం చెప్పి ఇంట్లో కూర్చోబెడతామా? ఒక్కటి మాత్రం అడిగాను. “మంచు సంగతి నీ భాషలో చెప్పుకో. ఒంటి సంగతి నాకు తెలుగులో చెప్పు. తల తిరిగితే తల తిరుగుతోందను. నొప్పిగా ఉంటే నొప్పి అను.” అది కాసేపు నా మొహంలోకి చూసి, “తెలుగులో నాకు స్లాంగు రాదు గదా నాన్నా” అన్నది. అందుకేనని అన్నాను.

ఆ సీజన్లో మొదటి రోజు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అలాంటి రోజును బ్లూబర్డ్ డే అంటారు. సాయంత్రం మూడున్నర. లిఫ్టు మీద ఆ నలుగురమే. పిల్లలు ఏడాదిలో ఎంత ఎదిగారో! నేను గడియారం చూసుకుని, “సరే, ఇదే ఆఖరుసారి” అన్నాను. ముగ్గురూ ఒక్కసారిగా నావైపు తిరిగారు, శుభకార్యంలో ఎవరో తుమ్మినట్టు. “అలా అనకూడదు” అన్నది ఒకమ్మాయి, నిజంగానే జంకుతూ.

అప్పుడు తెలిసింది. స్కీ చేసేవాళ్ళు లాస్ట్ రన్ అన్న మాట నోట రానివ్వరు. అలసిన కాళ్ళతో, ఇంటిమీద ధ్యాసతో దిగే ఆఖరి దిగుడులోనే దెబ్బలు తగులుతాయని వాళ్ళ నమ్మకం. అందుకని, “టూ మోర్, స్కిప్ ద లాస్ట్” అంటారు. ఇంకో రెండుసార్లు దిగుదాం, చివరిది వదిలేద్దాం. అంటే ఇప్పుడు దిగబోయేదే చివరిది. అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

“ఇంకో రెండు, చివరిది వద్దు” అన్నాను నేను తెలుగులో. మా అమ్మాయి నవ్వింది. ఆ పిల్లలిద్దరికీ అర్థం చెప్పింది. గడప దగ్గర నన్ను ఆపి మంచినీళ్ళిచ్చిన మా అమ్మ ఈ లిఫ్టు మీద ఉంటే, ఈ పిల్లల మాట మొదటిసారికే అందుకునేది.

కిందికి దిగాం. కారు దగ్గర బూట్లు విప్పుకుంటూ ఎంతసేపటికీ అది లేవలేదు. నా గుండె ఝల్లుమంది. ఏమైందని అడగబోయి, ఆగి, ఎదురుచూశాను.

“నాన్నా,” అన్నది తల ఎత్తకుండానే, “తల బానే ఉంది. కాళ్ళే బాగా పీకుతున్నాయి.”

అంతకంటే మంచి తెలుగు వాక్యం నేనీమధ్య వినలేదు.